వేడెక్కిన సరుకు

మా నాన్న చేపను కళ్ళతో చూసి కొనేవాడు కాదు. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూసేవాడు, బొటనవేలితో వీపు మీద నొక్కి ఆ సొట్ట పైకి లేస్తుందో లేదో కనిపెట్టేవాడు, ఆ తర్వాత చేతిని తిప్పి, వెనకవైపుతో పొట్టను తాకేవాడు. పొద్దస్తమానం ఐసు ముట్టుకుని అరచెయ్యి మొద్దుబారిపోతుందట, అందుకని వేడీ చల్లనా తెలిసేది చేతి వెనకవైపుకేనట. కొల్లేటి లంకల నుంచి వచ్చిన గంపలన్నీ ఆ చేతి కింద నుంచే వెళ్ళి, ఐసు పెట్టెల్లో సర్దుకుని, బెజవాడ స్టేషన్లో కలకత్తా రైలెక్కేవి. మా కాపురం భవానీపురంలో. మా ఇంట్లో చేపల వాసన ఉండేదని నాకు కాలేజీలో చేరాక గానీ తెలియలేదు.

ఆయన వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉండేది. మొప్ప ఎత్తి చూడటం కొనేవాడి హక్కు. కానీ ఆ చూడటంలో మొప్ప చిరిగిందంటే, వేలు దిగి చర్మం చిట్లిందంటే, ఆ చేప ఇక వాడిదే. నచ్చినా నచ్చకపోయినా ఎత్తుకుపోవాల్సిందే. ఒకసారి మైలవరం నుంచి వచ్చిన హోటలాయన ఒక పెద్ద బొచ్చె చేప మొప్ప చింపి, వాసన నచ్చలేదని వెళ్ళిపోబోయాడు. నాన్న దారికడ్డంగా నిలబడి, "మొప్ప చింపినోళ్ళే సరుకెత్తాలండీ. నేను పెట్టిన రూలు కాదండీ ఇది, మా తాతల నాటిది" అంటూ చేపను ఆయన సంచీలో వేసి మరీ పంపాడు. 'అండీ' అంటూనే మనిషిని ఎలా కట్టిపడెయ్యవచ్చో అప్పుడే చూశాను.

నేను చెప్పబోయేది డెబ్బైల ఆఖర్లో జరిగిన సంగతి. లెక్కలూ ఫిజిక్సూ చదివి డిగ్రీ పూర్తి చేశాను. హైదరాబాదులో కంప్యూటర్లు నడపడం, బాగుచెయ్యడం నేర్పే ఏడాది కోర్సు ఒకటి ఉందని తెలిసి పరీక్ష రాస్తే సీటు వచ్చింది. ఆడపిల్లలకు హాస్టలు కూడా ఉంది. నెలాఖరులోగా వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాన్న ఊఁ అంటే చాలు. ఆయన ఊఁ అనడం లేదు, ఊహూఁ అనడం లేదు.

"ఏందమ్మా ఆ కంప్యూటరు? ఎట్టా ఉంటది? నువ్వు చూశావా?" అని అడిగాడు.

"బొమ్మలో చూశాను నాన్నా."

"బొమ్మలో చేపలు నేనూ చానా చూశా. చూడని సరుక్కి ఏడాదెట్టా రాసిస్తాం?"

నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్లకి చదువెందుకు అని ఉంటే కొట్లాడేదాన్ని. ఈయన అలా అనడే! నన్ను స్కూల్లో వేసిందీ ఆయనే, కాలేజీకి సైకిలు కొనిచ్చిందీ ఆయనే. సరుకు చూడకుండా బేరం ఆడడు, అంతే.

అన్నయ్య ఓడలో కరెంటు పని చేసేవాడు. ఆ ముందు ఏడాదే, కాలేజీ లైబ్రరీకి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో నేనొక ప్రకటన చూశాను. కంప్యూటరంటే గది నిండా నిలబెట్టిన ఇనప బీరువాలని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ ప్రకటనలో మాత్రం పలకంత కార్డు ఒకటి ఉంది, ఇంట్లో బల్ల మీద పెట్టుకోవచ్చునని రాసి ఉంది. ఇంట్లోనా! ఆ మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఎక్కడైనా కనపడితే నాకోసం కొనుక్కురమ్మని అన్నయ్య ప్రాణం తీశాను. సింగపూరు వీధుల్లో తిరిగి తిరిగి, చివరికి సరిగ్గా ఆ నెల మొదట్లో లుంగీల మడతల మధ్య పెట్టి తెచ్చాడు. తెచ్చి నా చేతిలో పెట్టి, నాలుగు రోజులుండి, మళ్ళీ ఓడెక్కాడు.

పచ్చటి అట్ట. దాని మీద నల్లటి జెర్రుల్లా కాళ్ళున్న చిన్న చిన్న చిప్పులు. ఒక మూల ఆరంకెలు కనపడే చిన్న అద్దం, దాని కింద మీటలు. పైన మూత లేదు, చుట్టూ పెట్టె లేదు.

అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "రేడియో లోపలిది తెచ్చాడేంటే? డబ్బా ఓడలో మర్చిపోయాడా?" అంది.

దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని చదివాను. అర్థమైన చోటల్లా ఒళ్ళు జలదరించేది, అర్థం కాని చోట ఇంకా ఎక్కువ జలదరించేది. ఆ కార్డుకు అయిదు వోల్టుల కరెంటు కావాలట. మా ఇంటి గోడలో ఉన్నది రెండు వందల ముప్ఫై. అది కూడా కాగితం మీద మాటే. పొలాల్లో మోటార్లు ఆన్ చేసే వేళకి మా బల్బు నిమ్మపండు రంగుకి దిగేది. ఆ ఏనుగుని ఈ చీమ నోటికి ఎలా అందించాలన్నది నా ముందున్న మొదటి ప్రశ్న.

గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే షాపుకి వెళ్ళాను. కావలసిన సామానంతా చెబుతుంటే షాపాయన రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"ఎవరికమ్మా ఇవన్నీ? తమ్ముడు చదువుకుంటన్నాడా?"

"నాకేనండీ."

"దేనికమ్మా?"

"కంప్యూటర్‌కండీ."

ఆయన నా భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు, దాన్ని మోసుకొచ్చిన లారీ ఏమన్నా ఆగి ఉందేమోనని. నేను సంచీలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఇక ఆయన నన్నొదల్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, టీ తెప్పించి, ఇది వినిపిస్తుందా, చూపిస్తుందా, రాస్తుందా అని అడిగాడు. ఇవేవీ చెయ్యదని చెబితే, "మరి ఏం చేసిద్దమ్మా?" అన్నాడు. "చెప్పింది చేస్తుందండీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "మా ఇంట్లో అట్టాంటిది ఒక్కటీ లేదు" అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయనే చుట్టించి ఇచ్చాడు. కరెంటుని అయిదు వోల్టుల దగ్గర కదలకుండా పట్టుకునే రెగ్యులేటర్ ఒకటి, దాన్ని బిగించడానికి అల్యూమినియం రేకు ముక్క ఒకటి ఇచ్చాడు. "ఇది వేడెక్కిద్ది, కంగారు పడమాక. పనిచేసేటప్పుడు వేడెక్కటం దీని స్వభావం" అని రెండుసార్లు చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఇంటికొచ్చాను. మంచి శీలావతి చేపంత బరువుంది.

కాలేజీ లాబ్‌లో నేర్చుకున్న టంకం పని అప్పుడు అక్కరకొచ్చింది. వీధి గది కిటికీ పక్కన బల్ల వేసుకుని, రెండు వేళ్ళు కాల్చుకుని, తీగలన్నీ కలిపి, స్విచ్చి వేశాను. ఏమీ అవలేదు. ఒక తీగ తిరగేసి కలిపానని గ్రహించి, కార్డుకు కరెంటు అందనందుకే అది బతికిపోయిందని దేవుడికి దణ్ణం పెట్టుకుని, సరిచేసి మళ్ళీ వేశాను. ఆరంకెలూ ఎర్రగా వెలిగాయి. నేను కేక వేస్తే అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. షాకు కొట్టిందనుకుందట.

నాన్న సాయంత్రం వచ్చి చూశాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వాసన చూశాడు. ఎత్తడానికి మొప్ప ఎక్కడుందా అని ఆయన వెతుకుతున్నట్టు నాకనిపించింది.

"ఈ మీటల మీద అంకెలున్నయ్యి. మొదటి అంకె ఏంది?"

"సున్నా నాన్నా. దీని లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది."

"సున్నాతో మొదలెట్టే లెక్క ఏం లెక్కే?" అన్నాడు. ఆయన గంపలు లెక్కపెట్టేటప్పుడు మొదటి గంపని 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. సున్నా అని మొదలుపెట్టే దాన్ని ఇంట్లోకి తెచ్చానని ఆయనకు మనసులో పీకుతూనే ఉంది. కానీ చూపు మాత్రం ఆ ఎర్ర అంకెల మీద నుంచి కదలడం లేదు.

చెయ్యి తిప్పి, వెనకవైపుతో రేకుని తాకాడు. చటుక్కున తీసేశాడు.

"వేడెక్కింది. ఆపెయ్యమ్మా, పోయిద్ది."

"పనిచేసేటప్పుడు వేడెక్కడం దాని స్వభావం నాన్నా. ఆపితే మనం చెప్పిందంతా మర్చిపోతుంది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి."

ఆ మాటకి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిద్రపోతే మర్చిపోయిద్దా?"

"ఊఁ."

"అంతా?"

"మనం నేర్పిందంతా. అది పుట్టుకతో తెచ్చుకున్నది మాత్రం ఉంటుంది."

"పుట్టుకతో ఏం తెచ్చుకుంది?"

మీటలు నొక్కితే పలకడం ఒక్కటేనని చెప్పాను. చంటిపిల్లకన్నా అన్యాయంగా ఉందే అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ కూడా, "చచ్చిపోదు, కానీ మర్చిపోయిద్ది" అని తనలో తాను అనుకున్నాడు. నాకు లోపల ఆశ పుట్టింది. మా నాన్నకి ఒక విషయం మీద కుతూహలం పుట్టిందంటే దాన్ని సగంలో వదిలిపెట్టడు. ఆ రోగం నాకు వచ్చింది ఎవరి దగ్గర్నుంచో నాకు బాగా తెలుసు.

పడుకోబోతూ చెప్పాడు: "అది మన పని ఏదన్నా చేసి చూపిస్తే, హైదరాబాదు సంగతి మాట్లాడదాం."

నేను చెయ్యగలిగింది, ఆయనకు పనికొచ్చేది, రెండూ కలిసిన చోటు ఒక్కటే కనపడింది. రైలెక్కే పెట్టెల లెక్క. ఒక మీట నొక్కితే ఒక పెట్టె ఎక్కినట్టు, అద్దంలో అంకె ఒకటి పెరగాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత చిన్న పని! అప్పుడు మాత్రం దానికోసం అంకెల జతలు వరసగా ఒక్కొక్కటే నొక్కుతూ పోవాలి. పైగా ఆ అంకెల్లో తొమ్మిది తర్వాత పది రాదు, ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. ఒకటి తప్పు నొక్కితే మొత్తం వెర్రిమొర్రిగా తయారవుతుంది. అంతా అయ్యేసరికి కరెంటు పోతుంది. కరెంటు వచ్చేసరికి అది నన్ను ఎప్పుడూ చూడనట్టు ముఖం పెడుతుంది. నేర్పినదాన్ని టేపురికార్డరులో దాచుకోవచ్చునని పుస్తకంలో రాశారు కానీ మా వీధి మొత్తానికి టేపురికార్డరు లేదు. కరెంటాఫీసు వాళ్ళని నేను తిట్టిన తిట్లు విని అమ్మ, "ఇవి చేపల గట్టు మీద నేర్చుకున్నావా, కాలేజీలోనా?" అని అడిగింది.

నెలాఖరు ముంచుకొస్తుండగా ఒకరోజు పొద్దున్నే లెక్క కుదిరింది. నొక్కితే ఒకటి, నొక్కితే రెండు. అమ్మని పిలిచి ఏ మీట నొక్కాలో చూపించి, అంకెని మళ్ళీ సున్నా దగ్గర పెట్టాను. నాన్న స్టేషన్లో సరుకు ఎక్కించి మధ్యాహ్నం వస్తాడు, అప్పుడు చూపించాలి. అప్పటిదాకా కరెంటు పోకూడదు, ఎవరూ ఆపకూడదు. రేకు మరీ కాలిపోతుండటంతో నాకే కొంచెం భయం వేసి, ఇంకా పెద్ద రేకు తెద్దామని గవర్నరుపేటకు బయల్దేరాను. "ఏం చేసినా సరే, ఆపమాకమ్మా. ఆపితే అంతా మర్చిపోతుంది" అని అమ్మకి పదిసార్లు చెప్పి వెళ్ళాను.

రేకు కోయించుకుని తిరిగొచ్చేసరికి నాన్న నాకన్నా ముందే ఇంట్లో ఉన్నాడు. వీధి గది మధ్య నేల మీద కూర్చుని, ముఖం వెలిగిపోతూ నన్ను చూశాడు. ఆయన ముందు టీపొడి చెక్కపెట్టె ఉంది, ఆయన చేపలు కలకత్తా పంపే రకం. బల్ల మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని నుంచి వచ్చే తీగలు రెండూ బల్ల దిగి, నేల మీదుగా వెళ్ళి, ఆ పెట్టెలోకి దిగాయి.

"ఆపలేదే" అన్నాడు. "ఆపితే మర్చిపోయిద్దన్నావుగా. అందుకే ఆపకుండానే పెట్టా."

వంగి చూశాను. అడుగున ఊక. దాని మీద దంచిన ఐసు. ఆ పైన తామరాకు పరిచి, పరిచిన ఆకు మీద నా కంప్యూటర్‌ని రేకుతో సహా పడుకోబెట్టి, మళ్ళీ ఆకు మడిచి, మళ్ళీ ఐసు. అద్దం ఉన్నచోట మాత్రం కనపడటానికి కాస్త ఖాళీ వదిలాడు. ఐసు ముక్కల మధ్య నుంచి ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. పెద్ద బొచ్చెలకి కూడా ఇంత శ్రద్ధగా సర్దగా నేను చూడలేదు.

"వచ్చి చూస్తే కాలిపోతంది. ఇంకో గంటుంటే సరుకు పోయేది. ఇప్పుడు చూడు, ఎంత చల్లగా ఉందో!" అని నా చెయ్యి పట్టుకుని, తిప్పి, వెనకవైపు ఆనించాడు. "ఇంకోటి చెప్పనా? మీ అమ్మ మీట చూపిస్తే, ఐసులో పెట్టేముందు ఇయ్యాల ఎక్కించిన పెట్టెలన్నీ వరసగా నొక్కి చూశా. ఒక్కటి తప్పు పోలేదు. నేను లాభం అంటే అది ఒకటి అంటంది, అంతే తేడా."

నేను నోరు తెరిచేలోపే అద్దంలో అంకెలు వణికాయి. ఒకదాని వెనక ఒకటి ఎనిమిదులైపోయాయి. తర్వాత సగం సగం గీతలు. తర్వాత ఏమీ లేదు. తామరాకు మడతలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నిద్రపోయిందా?" అని అడిగాడు నాన్న.

నేను అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు గుమ్మంలోకొచ్చారు. నీళ్ళు తగలకూడదని తెలియదా అన్నాను, అది చేపా అన్నాను, నీ ఐసులో నీ వ్యాపారంలో అన్నీ పెట్టుకో అన్నాను. ఆయన లేచి స్విచ్చి ఆపాడు. కార్డుని రెండు చేతుల్తో పైకి తీసి, తన తువ్వాలుతో అద్ది, అమ్మ చేపలు ఎండబెట్టుకునే చాప మీద ఎండలో పెట్టాడు. కాకులు రాకుండా సాయంత్రందాకా పక్కనే కూర్చున్నాడు.

ఎండాక స్విచ్చి వేస్తే ఒక అంకె మాత్రం మిణుకుమని ఆరిపోయింది. మర్నాడు రేడియో షాపుకి కార్డుని నాన్నే తీసుకెళ్ళాడు, నేను వెనక నడిచాను. షాపాయన మీటరు పెట్టి అక్కడా ఇక్కడా చూసి, "లోపల ఏదో చిప్పు పోయిందండీ. ఏదో చెప్పటానిక్కూడా నాకు చదువు చాలదు. హైదరాబాదులో తెలిసినవాళ్ళుంటారేమో" అన్నాడు. నాన్న తల ఊపి కార్డు తీసుకున్నాడు. దారంతా దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకునే నడిచాడు.

నాకు మాత్రం అంతా అయిపోయిందనిపించింది. ఒక పూటలో చెడిపోయే సరుకు కోసం కూతుర్ని ఏడాదిపాటు పంపే వ్యాపారి ఎవడు? సీటు పోయినట్టేనని నిశ్చయించుకుని, ఏడుపు ఆపుకోలేక, ఆయనతో మాటలు మానేశాను. నెలాఖరు ఎదురుగానే ఉంది. ఆయన పొద్దున్నే స్టేషనుకి పోతున్నాడు, వస్తున్నాడు, ఆ చచ్చిన కార్డుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

ఒకరోజు భోజనాలయ్యాక నా ముందు వచ్చి కూర్చున్నాడు.

"ఆ మైలవరం హోటలాయన గుర్తున్నాడా?"

నేను గోడ వైపు తిరిగాను.

"ఆయన సంచీలో చేప ఎందుకేశా?"

"మొప్ప చింపాడు కాబట్టి" అన్నాను, అటే చూస్తూ.

"మరి దీని మొప్ప ఎవరు చింపారు?"

నేను ఆయన వైపు తిరిగాను.

"నేనేగా. చూస్తానని ముట్టుకున్నా, చూట్టంలో పాడుచేశా. ఇంక బేరమాడే హక్కు నాకు లేదమ్మా. నచ్చినా నచ్చకపోయినా సరుకు నేనెత్తాల్సిందే." మళ్ళీ తనే, "నచ్చలేదని కాదులే. నచ్చింది" అన్నాడు. "నువ్వెళ్ళు. నేను చేసిన పాడేందో కనుక్కుని, బాగుచెయ్యటం నేర్చుకునిరా."

నాకు ఎంత సంతోషం కలిగిందో, అంత సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ వంటింట్లోంచి, "ఇంకో పెట్టె వెతకాలి, ట్రంకుపెట్టెకి గొళ్ళెం లేదు" అంది. అంటే ఆవిడకి ఇదంతా ముందే తెలుసన్నమాట.

హైదరాబాదు రైలుకి నాన్నే ఎక్కించాడు. ఆయన రోజూ సరుకెక్కించే స్టేషనే అది, కూలీలందరూ ఆయనకు తెలుసు, నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చారు. కార్డుని ఈసారి పొడి ఊకలో, గుడ్డలో చుట్టి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి, కొబ్బరితాడుతో కట్టాడు. ఐసు లేదని నాకు మూడుసార్లు చూపించాడు. నేను కిటికీ పక్కన కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను కానీ ముఖమంతా కాలిపోతోంది. రైలు కూత వేసింది.

ఆయన కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, తిప్పి, వెనకవైపుతో నా చెంప తాకాడు. చల్లటి చెయ్యి. చటుక్కున తీస్తాడేమో అనుకున్నాను, తియ్యలేదు.

"వేడెక్కావు" అన్నాడు. రైలు కదిలితే నాలుగడుగులు పక్కనే నడిచి, "పర్లేదులే. పనిచేసేటప్పుడు వేడెక్కిద్దన్నావుగా" అన్నాడు.